శాకాహారం నుంచి వీగన్‌కి: పాలు మానేశాక ఆ పనులు ఎవరు చేస్తారు?

మీ ఉత్తరంలో, పుట్టినప్పటి నుంచీ శాకాహారినని, గుడ్డు కూడా కేకులో కలిసి వస్తే తప్ప తినలేదని రాశారు. ఇప్పుడు పాలు, పెరుగు, వెన్న, చీజ్ అన్నీ వదిలేసి వీగన్‌గా, అంటే జంతువుల నుంచి వచ్చేదేదీ తినకుండా, మారాలని ఆరు నెలల్లో మూడుసార్లు మొదలుపెట్టారు. ఒక్కసారి కూడా రెండు వారాలు దాటలేదు. రెండోసారి నీరసం, తలనొప్పి వచ్చి ఆపేశారు. మూడోసారి కాఫీలో సోయా పాలు విరిగిపోతుంటే విసుగొచ్చి ఆపేశారు. ‘మాంసం తినేవాళ్లే మారిపోతుంటే, ఒక్క పాలు మానడం నాకెందుకింత కష్టం?’ అన్నది మీ ప్రశ్న. ఫ్రిజ్‌లో మిగిలిన వెన్న ఏం చేయాలని కూడా అడిగారు. దాని సంగతి చివర్లో చెబుతాను.

ముందు నా సంగతి. ముప్పై ఏళ్లు శాకాహారిని, వీగన్‌గా మారి పన్నెండేళ్లు. డాక్టర్ని కాను. కానీ ఈ దారిలో చేయదగ్గ పొరపాట్లు దాదాపు అన్నీ చేశాను. తర్వాత మారాలనుకున్న చాలామంది పక్కన కూర్చుని వాళ్ల తిండి లెక్కలు చూశాను. అందరి లెక్కల్లోనూ ఒకే తప్పు కనిపించింది, మీ మూడు ప్రయత్నాల్లోనూ అదే ఉందనిపిస్తోంది.

మాంసం తినేవాడు మాంసం మానేస్తే పళ్లెంలో సగం ఖాళీ అయిపోతుంది. ఆ ఖాళీ కళ్లకు కనబడుతుంది కాబట్టి అక్కడ పప్పో, చిక్కుడు గింజలో, టోఫూనో (సోయా పనీర్) వచ్చి చేరతాయి. మన పళ్లెంలో పాలు అలా ఒకచోట కూర్చుని ఉండవు. ఉదయం కాఫీలో కొంచెం, మధ్యాహ్నం గిన్నెడు పెరుగు, సాయంత్రం రొట్టె మీద వెన్న, రాత్రి ఒక చీజ్ ముక్క. ఇలా రోజంతా పలచగా పరుచుకుని ఉంటాయి. తీసేసినా పళ్లెం నిండుగానే కనిపిస్తుంది. అందుకే శాకాహారి పాలు తీసేసి, ఆ చోట ఏమీ పెట్టకుండా ముందుకెళ్లిపోతాడు. రెండో వారానికి ఒళ్లు ఎదురు తిరుగుతుంది.

మీ నీరసం సంగతి ఇక్కడే తేలిపోతుంది. వెన్న తీయని పాలు పావు లీటరులో సుమారు 150 కేలరీలు, 8 గ్రాముల ప్రొటీన్, 300 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటాయి. మీరు రాసిన లెక్క ప్రకారం రెండు కాఫీలు, గిన్నెడు పెరుగు, చీజ్, వెన్న. ఎంత తగ్గించి వేసినా రోజుకు 400 కేలరీలు. అవి తీసేసి, మిగతా తిండి మాత్రం పాత కొలతలోనే తిన్నారు. పదిరోజుల పాటు రోజూ ఒక చిన్న భోజనం ఎగ్గొట్టినట్టే కదా. ఆ నీరసానికి పేరు ఆకలి. చాలామంది దాన్ని ‘బి12 విటమిన్ పడిపోయింది’ అనుకుని కంగారుపడతారు. బి12 లోపం రెండు వారాల్లో బయటపడే రకం కాదు.

తలనొప్పి గురించి ఒక అనుమానం. సోయా పాలు నచ్చక కాఫీయే తగ్గించేశారేమో చూసుకోండి. రోజూ తాగేవాళ్లు ఒక్కసారిగా కెఫీన్ ఆపేస్తే మర్నాటి నుంచే తల పగిలిపోతుంది, కొన్ని రోజులు అలాగే ఉంటుంది. పాపం ఆ నింద వీగన్ తిండి మీద పడుతుంది. మా ఇంట్లోనే జరిగింది కాబట్టి చెబుతున్నాను.

కాబట్టి నాలుగోసారి మొదలుపెట్టేటప్పుడు మొదటి రెండు వారాలు ఏదీ మానకండి. చేర్చండి చాలు. రోజుకు రెండుసార్లు ఏదో ఒక పప్పు, శనగలు, బఠాణీ, చిక్కుడు గింజలు, టోఫూల్లో ఒకటి. గుప్పెడు గింజలు. ఒక గ్లాసు ఫోర్టిఫైడ్ (కాల్షియం, విటమిన్లు కలిపిన) సోయా పాలు, కాఫీలో కాకుండా విడిగా. పాలు, పెరుగు ఎప్పట్లాగే తీసుకోండి. ఇందులో ఇంకో లాభం ఉంది. పప్పులు, గింజలు ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బుతుంది, గ్యాస్ వస్తుంది. వాటిలోని కొన్ని రకాల చక్కెరలు మనకు అరగవు, పెద్దపేగులోని బ్యాక్టీరియా వాటిని పులియబెడుతుంది. నానబెట్టిన నీళ్లు పారబోసి కొత్త నీళ్లలో మెత్తగా ఉడికిస్తే కొంత తగ్గుతుంది. మిగతాది రెండు మూడు వారాల్లో పేగులే సర్దుకుంటాయి. ఆ ఇబ్బందీ, పాలు మానిన ఇబ్బందీ ఒకే వారంలో మీద పడకుండా చూసుకోవడమే మన పని.

అలవాటయ్యాక ఒక్కొక్కటీ తీయండి. ఏది ముందు అన్నదాంట్లో నా అభిప్రాయం చాలామంది చెప్పేదానికి భిన్నంగా ఉంటుంది. కొత్తగా మారేవాళ్లు ఉత్సాహం కొద్దీ బిస్కెట్ ప్యాకెట్లు తిరగేసి, ఎక్కడో అడుగున ఉన్న పాలపొడిని వెతికి పట్టుకుంటారు. వారం తిరిగేసరికి అలిసిపోతారు. ఆ పని ఆఖర్న పెట్టుకోండి. ముందు వంటలో వాడే వెన్న తీయండి. నూనెతో పనైపోతుంది కాబట్టి అది అన్నిటికంటే తేలిక. తర్వాత తాగే పాలు, ఆ తర్వాత పెరుగు, చీజ్. చీజ్ మీద మమకారం చివరిదాకా పోదు. ఉప్పు, కొవ్వు, ఒక రకం గాఢమైన రుచి, మూడూ కలిసిన పదార్థం అది. దానికి అచ్చంగా సరిపడే వీగన్ చీజ్ కోసం వెతక్కండి. మొదటి రెండు నెలలు ఏది తిన్నా ‘ఇది అది కాదు’ అనే అనిపిస్తుంది. ఆర్నెల్లు చీజ్ ఊసే ఎత్తకుండా ఉండి, అప్పుడు రుచి చూడండి. పోల్చడానికి నాలుక మీద పాత జ్ఞాపకం అంత గట్టిగా ఉండదు.

ఇక కాఫీ. మూడో ప్రయత్నం పోయింది దీని దగ్గరే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. సోయా పాలు విరగడానికి కారణం మీ చేతి తప్పు కాదు. కాఫీకి సహజంగా పులుపు ఉంటుంది. సోయాలోని ప్రొటీన్ పులుపు తగిలితే గడ్డకడుతుంది, వేడి తోడైతే ఇంకా త్వరగా. టోఫు చేసేటప్పుడు కావాలని చేసే పనే మీ కప్పులో అక్కర్లేకుండా జరుగుతోంది. చేయవలసింది ఇది. కాఫీ దించాక రెండు మూడు నిమిషాలు ఆగండి. సోయా పాలు విడిగా గోరువెచ్చగా చేయండి, మరగనివ్వకండి. కప్పులో ముందు పాలు పోసి, వాటిమీద కాఫీని సన్నగా ధారగా పోయండి. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి పాలను సలసలా కాగే కాఫీలో గుమ్మరిస్తే విరగక ఏం చేస్తాయి? ముదురుగా వేయించిన గింజల్లో పులుపు తక్కువ, లేతగా వేయించినవాటిలో ఎక్కువ. అదీ గమనించండి. బారిస్టా అని రాసి ఉన్న ప్యాకెట్లలో పులుపును అదుపు చేసే ఫాస్ఫేట్ లవణాలు కలుపుతారు, అందుకే అవి విరగవు. ఓట్స్ పాలలో ప్రొటీన్ తక్కువ కాబట్టి అవి కూడా అంత సులువుగా విరగవు. కాఫీకి ఓట్స్, తాగడానికి సోయా అని నేను రెండూ పెట్టుకున్నాను.

ఇంట్లో ఓట్స్ పాలు చేసుకుంటే జిగురుగా వస్తున్నాయని కొందరంటారు. చల్లటి నీళ్లు పోయండి, మిక్సీ అరనిమిషం మించి తిప్పకండి, గుడ్డలో వేసి పిండకండి. ఎంత నలిపితే అంత జిగురు.

పెరుగు ఇంకొంచెం ఓపిక అడుగుతుంది, కానీ సాధ్యమే. బాదం పాలతో నేను నాలుగుసార్లు ప్రయత్నించి నాలుగుసార్లూ పుల్లటి నీళ్లు పారబోశాను. అందులో తోడుకునేంత ప్రొటీన్ లేదని తర్వాత తెలిసింది. సోయా పాలు తోడుకుంటాయి. సోయాబీన్, నీళ్లు తప్ప ఇంకేమీ కలపని పాలు తీసుకుని ఒక పొంగు రానివ్వండి. వేలు పెడితే వెచ్చగా తగిలి, చురుక్కుమనకుండా ఉండేదాకా చల్లార్చండి. థర్మామీటర్ ఉంటే 42 డిగ్రీల దగ్గర. లీటరుకు ఒక చెంచా పంచదార కలపండి. మామూలు పాలలో బ్యాక్టీరియాకు లాక్టోజ్ అనే చక్కెర దొరుకుతుంది, సోయాలో అది లేదు. అందుకే ఈ పంచదార. తోడుకు వీగన్ పెరుగు కప్పులోంచి రెండు చెంచాలు చాలు, అది దొరక్కపోతే ప్రోబయాటిక్ గుళిక విప్పి పొడి కలిపినా పనిచేస్తుంది. కదపకుండా వెచ్చటి చోట ఎనిమిది నుంచి పది గంటలు ఉంచండి. మొదటిసారి కాస్త చిక్కుడు వాసన వేస్తుంది. ఆ పెరుగులోంచే తోడు తీసుకుంటూ పోతే మూడో విడతకు రుచి కుదురుతుంది.

ఇప్పుడు అసలు జాగ్రత్త పడాల్సిన విషయం, బి12.

వీగన్ అన్న మాట 1944లో బ్రిటన్‌లో పుట్టింది. డొనాల్డ్ వాట్సన్, ఆయన మిత్రులు వీగన్ సొసైటీ పెట్టుకుని, వెజిటేరియన్ అనే ఇంగ్లిష్ మాటలోని మొదటి మూడక్షరాలు, చివరి రెండక్షరాలు కలిపి ఈ పేరు తయారుచేశారు. బి12ను వేరుచేసి గుర్తించింది 1948లో. అంటే మొదటి నాలుగేళ్లు వీగన్లకు తమ తిండిలో ఏది లేదో తెలిసే దారే లేదు. మనకు ఆ సాకు లేదు.

బి12ను మొక్కలూ తయారుచేయవు, జంతువులూ తయారుచేయవు. చేసేది బ్యాక్టీరియా. ఆ బి12 జంతువుల ఒంట్లో చేరి మాంసంలోకి, పాలలోకి, గుడ్లలోకి వస్తుంది. పెద్దవాళ్లకు రోజుకు సుమారు 2.4 మైక్రోగ్రాములు కావాలి. పావు లీటరు పాలలో ఒకటికి కాస్త ఎక్కువ ఉంటుంది. ఇన్నాళ్లూ మీకు వచ్చిన బి12 దాదాపు అంతా పాలదే అన్నమాట. కాలేయంలో నిల్వ ఉంటుంది, ఏళ్లపాటు సరిపోతుంది అని మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. మాంసం తిని మారినవాళ్లకు అది చాలావరకు నిజం. పుట్టుకతో శాకాహారులైన మన నిల్వలు అంత నిండుగా ఉండకపోవచ్చు. వాళ్ల ధీమా మనకు పనికిరాదు. మొదలుపెట్టే ముందే ఒకసారి రక్తపరీక్ష చేయించుకోండి, మొదటి రోజు నుంచే మాత్ర వేసుకోండి.

నేను వేసుకోలేదు. స్పిరులినా (నీటిలో పెరిగే నాచు లాంటిది) మాత్రల్లో బి12 ఉంటుందని నమ్మి అవి మింగుతూ కూర్చున్నాను. మూడో ఏడు చలికాలంలో రెండు కాళ్ల వేళ్లూ తిమ్మిరెక్కినట్టు, సూదులతో గుచ్చినట్టు ఉండటం మొదలైంది. బూట్లు బిగుతయ్యాయేమో అనుకుని కొత్తవి కొన్నాను, చూడండి నా తెలివి. తర్వాత ఒకరోజు చీకట్లో మెట్లు దిగుతుంటే కాలు ఎక్కడ ఆనుతోందో తెలియలేదు. డాక్టరు దగ్గరకు పరుగెత్తాను. అంతకు రెండు నెలల ముందే చేయించుకున్న రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ బాగానే ఉంది. ఆకుకూరలు, పప్పులు బాగా తినేవాళ్ల ఒంట్లో ఫోలేట్ అనే ఇంకో బి విటమిన్ పుష్కలంగా ఉంటుంది. అది రక్తహీనతను కప్పిపెడుతుంది, నరాలు దెబ్బతినడం మాత్రం లోపల సాగిపోతూనే ఉంటుంది. నాకు ఇంజెక్షన్లతో నాలుగైదు నెలల్లో నయమైంది. ఆలస్యం చేస్తే నరాల నష్టం శాశ్వతంగా మిగిలిపోయే ప్రమాదం ఉంది. స్పిరులినాలో ఉండేది ఎక్కువగా నకిలీ బి12. బి12లాగే కనిపిస్తుంది, మన ఒంటికి పనికిరాదు. పైగా మామూలు పరీక్షలో అంకెను పెంచి చూపించి మభ్యపెట్టగలదు. అనుమానం ఉంటే, ఒంటికి బి12 నిజంగా చాలుతోందో లేదో చెప్పే మిథైల్ మలోనిక్ ఆమ్లం పరీక్ష కూడా చేయమని డాక్టర్ని అడగొచ్చు.

ఎంత వేసుకోవాలి? వీగన్ సొసైటీ మూడు దారులు చెబుతుంది. బి12 కలిపిన ఆహారం రోజుకు రెండు మూడు విడతల్లో కనీసం 3 మైక్రోగ్రాములు వచ్చేలా తినడం, లేదా రోజుకో 10 మైక్రోగ్రాముల మాత్ర, లేదా వారానికి 2000 మైక్రోగ్రాములు. ఈ లెక్క చూసి ‘పదిని ఏడుతో గుణిస్తే డెబ్బయ్యే కదా, రెండు వేలెందుకు?’ అని అందరూ అడుగుతారు. పేగులో బి12ను పట్టుకుని లోపలికి పంపే ఏర్పాటు ఒక విడతకు రెండు మైక్రోగ్రాములకు అటూ ఇటూగా మాత్రమే పంపగలదు. ఆపైన ఎంత వేసినా అందులో సుమారు ఒక శాతమే తనంతట తాను ఇంకుతుంది. అందుకే విడతలు తగ్గేకొద్దీ మోతాదు ఎన్నో రెట్లు పెరగాలి. నేను వారం మాత్ర మనిషిని కాను, మర్చిపోతాను. పళ్లు తోముకునే బ్రష్ పక్కన సీసా పెట్టుకుని రోజూ వేసుకుంటాను. మార్కెట్లో దొరికే బి12 మాత్రలోని మందు బ్యాక్టీరియాను పెంచి తీసిందే కాబట్టి జంతువుల నుంచి తీశారేమో అన్న దిగులు అక్కర్లేదు, పైతొడుగు మాత్రం జెలటిన్ (జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది) కాకుండా చూసుకోండి. షుగరుకు మెట్‌ఫార్మిన్ గానీ, ఎసిడిటీకి ఒమెప్రజోల్ లాంటివి గానీ ఏళ్ల తరబడి వాడుతుంటే బి12 ఇంకడం తగ్గుతుంది. అలాంటివాళ్లు మోతాదు డాక్టర్ని అడిగి తేల్చుకోవాలి.

బి12 తర్వాత కాల్షియం. దీని గురించి వీగన్లు తమకు తామే అబద్ధాలు చెప్పుకుంటారని నా ఫిర్యాదు. ‘ఆకుకూరల్లో బోలెడు కాల్షియం’ అంటారు. పాలకూరలో ఉన్న మాట నిజమే, కానీ ఆ ఆకులోనే ఉండే ఆక్సలేట్ అనే పదార్థం దాన్ని పట్టేసుకుంటుంది. ఒంటికి అందేది ఐదు శాతం దగ్గర. పాలలోంచి అందేది సుమారు ముప్పై శాతం. కేల్, చైనా క్యాబేజీ లాంటి ఆక్సలేట్ తక్కువున్న ఆకుల్లోంచి అంతకంటే ఎక్కువే అందుతుంది, కాకపోతే అవి రోజూ ఎన్ని తింటాం? నమ్మకమైన దారులు రెండే. కాల్షియం లవణంతో గడ్డకట్టించిన టోఫు, కాల్షియం కలిపిన సోయా లేదా ఓట్స్ పాలు. ప్యాకెట్ వెనక 100 మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాములని ఉంటే మామూలు పాలతో సమానం. ఇంట్లో చేసుకునే బాదం పాలలో, ఓట్స్ పాలలో ఎవరూ కాల్షియం కలపరు. రుచికి తాగండి, లెక్కలో వేసుకోకండి. ఇంకో చిన్న సంగతి. కలిపిన కాల్షియం డబ్బా అడుగున పేరుకుంటుంది. గట్టిగా కుదిపి పోసుకోకపోతే చివరి గ్లాసు తాగినవాళ్లకే అంతా పోతుంది.

ఎముకల సంగతి ఇంత పట్టుబట్టి చెప్పడానికి కారణముంది. బ్రిటన్‌లో ఈపిక్-ఆక్స్‌ఫర్డ్ అనే పెద్ద అధ్యయనం దాదాపు 55 వేల మందిని సగటున 18 ఏళ్లు గమనించింది. 2020లో వెలువడిన ఫలితాల్లో మాంసం తినేవాళ్లతో పోలిస్తే వీగన్లకు తుంటి ఎముక విరిగే ప్రమాదం రెండు రెట్లకు పైగా తేలింది. తిన్న కాల్షియం, ప్రొటీన్ లెక్కలోకి తీసుకున్నాక తేడా కొంత తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. వీగన్ వేదికల మీద ఈ అంకె ఎవరూ గట్టిగా చెప్పరు. చెప్పాలి, ఎందుకంటే సరిచేసుకోగలిగినవి ఇందులో చాలా ఉన్నాయి. కాల్షియం, ప్రొటీన్, డి విటమిన్, బరువు మరీ తగ్గిపోకుండా చూసుకోవడం, బరువులెత్తే వ్యాయామం. డి3 మాత్ర కొనేటప్పుడు చూసుకోండి. సాధారణంగా దాన్ని గొర్రె ఉన్ని జిడ్డులోంచి తీస్తారు. లైకెన్ (రాళ్లమీద, చెట్లమీద నాచులా పెరిగేది) నుంచి తీసిన డి3, లేకపోతే డి2 వీగన్లకు పనికొస్తాయి.

ప్రొటీన్ మీద జనానికి ఉన్నంత టెన్షన్ నాకు లేదు. పావు లీటరు సోయా పాలలో 7 గ్రాముల దాకా ఉంటుంది, అంటే మామూలు పాలకు దగ్గరగా. అదే కొలత బాదం పాలలో ఒక గ్రామే. పాలకు బదులు బాదం పాలు పోసుకుని ‘సమానమే’ అనుకునేవాళ్లకే ఇబ్బంది. పైన చెప్పినట్టు రోజూ రెండుసార్లు పప్పు జాతి తింటే సరిపోతుంది.

ఇనుము విషయంలో పాలు మానడం వల్ల మీరు కోల్పోయేది దాదాపు ఏమీ లేదు. పాలలో ఇనుము నామమాత్రం, పైగా పాలలోని కాల్షియం భోజనంలోని ఇనుమును కొంత అడ్డుకుంటుంది. పప్పు మీద నిమ్మరసం పిండుకోండి, భోజనానికీ కాఫీకీ గంట ఎడం పెట్టండి. ఒమేగా-3 అనే మంచి కొవ్వు కోసం రోజూ ఒక పెద్ద చెంచా అవిసె గింజల పొడి. పొడే సుమా, గింజలు గింజలుగా మింగితే అలాగే బయటికి పోతాయి.

అయోడిన్‌ను మాత్రం అందరూ మర్చిపోతారు. పాలలో అది ఉంటుందని చాలామందికి తెలియదు. పశువుల దాణాలోంచి, కొన్నిచోట్ల పొదుగు శుభ్రం చేసే అయోడిన్ మందుల్లోంచి పాలలోకి వస్తుంది. మీరు ఫ్యాషన్‌గా రాతి ఉప్పుకో, సముద్రపు ఉప్పుకో మారి, పాలు కూడా మానేస్తే రెండు దారులూ ఒకేసారి మూసుకుపోతాయి. అయోడిన్ కలిపిన ఉప్పుకు తిరిగి రండి. ఎక్కువ ఉప్పు వద్దు, ఉన్న ఉప్పే మార్చమంటున్నాను. సముద్రపు నాచు మాత్రలు తెచ్చుకోకండి, కెల్ప్ లాంటివాటిలో అయోడిన్ మోతాదుకు అంతు ఉండదు, థైరాయిడ్ అటు నుంచి కూడా దెబ్బతింటుంది. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లయితే ఆ మాత్రతో పాటే సోయా పాలు తాగొద్దు, కాల్షియం మాత్రకు నాలుగు గంటల ఎడం ఉంచండి.

గర్భిణులు, బాలింతలు, పసిపిల్లల విషయంలో ఇలాంటి రాతలు చదివి నిర్ణయాలు తీసుకోవద్దు. డైటీషియన్‌తో కూర్చుని చేయాల్సిన పని అది. ఏడాది లోపు బిడ్డకు తల్లిపాలు గానీ ఫార్ములా గానీ లేకుండా బాదం, ఓట్స్ పాలు పట్టడం ప్రమాదం, ఆ ఒక్క మాట ఎవరు అడిగినా చెబుతాను.

లేబుళ్ల దగ్గరకు వద్దాం. మీకు తెలియాల్సిన మాటలు కొన్నే. వే, కేసీన్, కేసినేట్, పాల ఘనపదార్థాలు అని ఉంటే పాలే. లాక్టోజ్ ఫ్రీ అంటే పాలలోని చక్కెరను విడగొట్టారని, పాలు లేవని కాదు. నాన్ డెయిరీ అని పెద్దక్షరాల్లో రాసిన కాఫీ క్రీమర్ పొడిలో సోడియం కేసినేట్ ఉండటం మామూలే. అది చూసినప్పుడు నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు, ఏడాది పాటు వాడాను మరి. ‘పాల జాడలు ఉండవచ్చు’ అన్న వాక్యం మాత్రం ఎలర్జీ ఉన్నవాళ్ల కోసం. అదే ఫ్యాక్టరీలో పాల వస్తువులు కూడా తయారవుతాయని చెప్పడమే దాని అర్థం, పాలు కలిపారని కాదు. మందుబిళ్లల్లో లాక్టోజ్ పూరకంగా ఉంటుంది. దాని కోసం మందు మానేవాళ్లను చూశాను, దయచేసి ఆ పని చేయకండి. ‘సాధ్యమైనంత వరకు, ఆచరణకు వీలైనంత వరకు’ అని వీగన్ సొసైటీ తన నిర్వచనంలోనే రాసుకుంది. తేనె కూడా వీగన్ కాదు. అయితే అది మీ తిండిలో ఏ పనీ చేయడం లేదు, ఎప్పుడు మానినా ఫరవాలేదు.

కేకులో గుడ్డు అన్నారు కాబట్టి ఇది కూడా. ఒక గుడ్డుకు బదులు ఒక పెద్ద చెంచా అవిసె పొడిలో మూడు పెద్ద చెంచాల నీళ్లు కలిపి పది నిమిషాలు ఉంచితే జిగురు వస్తుంది. గట్టి కేకులకు అది చాలు. నురుగు కావాలంటే శనగలు ఉడికించిన నీళ్లు చిక్కబెట్టి చల్లార్చి గిలకొట్టండి, తెల్లగా పొంగుతుంది. మొదటిసారి చూసినప్పుడు నేను గిన్నె బోర్లించి మరీ పరీక్షించాను. పడలేదు.

బయట తినాల్సి వచ్చినప్పుడు, ఎవరింటికైనా వెళ్లినప్పుడు పొరపాట్లు జరుగుతాయి. తిన్నాక తెలుస్తుంది అందులో వెన్న ఉందని. మీరు మొదటి ప్రయత్నం ఇలాగే ఆపేశారని నాకు అనుమానం, రాయలేదు గానీ. ఒక పూట తప్పిందని మొత్తం వదిలేయడం, చొక్కా మీద మరక పడిందని బట్టలన్నీ పారేయడం లాంటిది. నేను వెళ్లే ముందు ఫోన్ చేసి, ‘నేను పాలు, వెన్న తినను, మీకు శ్రమ లేకుండా నాకోసం ఒకటి చేసి తెస్తాను, అందరం తిందాం’ అంటాను. ఇంతవరకు ఎవరూ కాదనలేదు. భోజనాల దగ్గర ఎందుకు మానేశారని అడిగితే, ఆవు ఈనితేనే పాలిస్తుంది, తొమ్మిది నెలలు మోసి కన్న మగదూడకు డెయిరీలో చోటుండదు, ఆ సంగతి తెలిశాక మానేశాను అని రెండు ముక్కల్లో చెప్పి, ఉప్పు ఇటివ్వమంటాను. ఎదుటివాళ్ల నోట్లో ముద్ద ఉండగా అంతకుమించి చెప్పకూడదు.

ఇప్పుడు వెన్న. నిరభ్యంతరంగా వాడేయండి, మనసొప్పకపోతే తినేవాళ్లెవరికైనా ఇచ్చేయండి. కొన్నది కొన్నారు, చెత్తబుట్టలో వేస్తే ఏ ఆవుకూ ఒరిగేదేమీ లేదు. నా దగ్గర సగం వెన్నముద్ద, మూడు చీజ్ ముక్కలు మిగిలితే పదకొండు రోజుల్లో అవగొట్టాను. చేర్చడానికి పెట్టుకున్న ఆ రెండు వారాల్లో మీవీ అయిపోతాయి. ఆలోపు రక్తపరీక్ష రిపోర్టు కూడా చేతికొస్తుంది. బి12 అంకె ఎంత వచ్చిందో, మీరు వాడే మందులేమైనా ఉంటే అవేమిటో రాయండి, అక్కడి నుంచి చూద్దాం.